రేడియేషన్ వల్ల మంచి మార్పులు కూడా వస్తాయా? (చెనక్కాయ విత్తనం గురించి ఒక అనుమానం)

పూతలపట్టు రైతు

అందరికీ నమస్కారం. ఈసారి చెనక్కాయ వేద్దామని విత్తనాల కోసం తిరుగుతున్నాను. తెలిసినాయన దగ్గర టీఏజీ-24 ఉంది. పొట్టిగా పెరుగుతుంది, తొందరగా చేతికొస్తుంది అన్నాడు. మాటల్లో మాటగా ఇది బొంబాయిలో అణుకిరణాలు పెట్టి తీసిన రకం అని కూడా అన్నాడు. ఆ సంగతి ఇంట్లో చెబితే మా అమ్మ ఒప్పుకోవడం లేదు. కిరణాలు తగిలితే మనుషులకే క్యాన్సర్ వస్తుందంటారు, ఆ గింజ తిని పిల్లోళ్లకు ఏమన్నా అయితే ఎట్లా అంటోంది. మా అబ్బోడు ఇంటర్ బైపీసీ. వాడేమో మ్యుటేషన్లు దాదాపు అన్నీ చెడ్డవేనని చదువుకున్నానంటాడు.

మరి చెరుపు చేసే కిరణాలతో మంచి విత్తనం ఎట్లా వచ్చింది? రేడియేషన్ వల్ల ఒక ప్రాణికి మేలు చేసే మార్పు నిజంగా ఎప్పుడైనా వస్తుందా, లేక ఇది అమ్ముకునేవాళ్ల మాటా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

రిటైర్డ్ ఏఓ, చిత్తూరు

ఆయన చెప్పింది నిజమే. టీఏజీ-24 ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం, మహారాష్ట్రలోని అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి తీసిన రకం. 1991లో విడుదలయింది. మన రాయలసీమ రైతులకు కొత్తదేమీ కాదు.

దీని పూర్వీకుల సంగతి చెబుతాను. స్పానిష్ ఇంప్రూవ్డ్ అనే పాత రకం గింజలకు ట్రాంబేలో ఎక్స్ కిరణాలు పెట్టారు. వాటి సంతతిలో కొన్ని మొక్కలు మిగతావాటికన్నా తేడాగా కనిపించాయి. ఒకదాని గింజ లావు. ఇంకోదాని ఆకు ముదురు పచ్చ. మరొకటి పొట్టి. లావు గింజ మొక్క నుంచి వచ్చిన టీజీ-1ని 1973లో విక్రమ్ అనే పేరుతో విడుదల చేశారు. ఆ తర్వాత ఇట్లాంటి మొక్కలను ఒకదానితో ఒకటి సంకరం చేసుకుంటూ పోగా పోగా టీఏజీ-24 వచ్చింది.

కాబట్టి అమ్మగారికి ఒక్క మాట చెప్పండి. మీరు నాటే గింజకు ఏ కిరణమూ తగల్లేదు. దాని తాతముత్తాతలకు ఎప్పుడో దశాబ్దాల కిందట తగిలింది. అప్పుడు కూడా ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు గింజలోంచి దూసుకుపోయేవే తప్ప లోపల నిలవుండేవి కావు. మిగిలేది కిరణం కాదు, అది జన్యువులో చేసిన మార్పు.

కాళహస్తి పెద్దాయన

ఏఓ గారూ, విత్తనం సంగతి మీరు చెప్పారు, సరే. రైతు అడిగిన అసలు ప్రశ్న అట్లాగే ఉంది. కిరణం చేసే పని తెంచడమే కదా. జన్యువు అంటే లక్షల ఏళ్లుగా కుదురుకున్న అల్లిక. నేను మగ్గాల మధ్య పెరిగినవాణ్ణి. మగ్గం మీద చీర ఉండగా నాలుగు దారాలు తెంపితే కొత్త అంచు పడుతుందా? చీర పాడవుతుంది. హిరోషిమా అణుబాంబు, చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం చూసిన తర్వాత కూడా రేడియేషన్‌లో మేలు వెతకడం నాకు మింగుడు పడటం లేదు. ఎవరినీ తప్పు పట్టడం లేదు. ఇది పిల్లలు చదివే చోటు, మాట జాగ్రత్తగా ఉండాలని నా తాపత్రయం.

బాటనీ మేడమ్, తిరుపతి

పెద్దాయన గారి జాగ్రత్త నాకూ ఉంది. క్లాసులో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ముందు ప్రమాదం గురించే చెబుతాను. కానీ ప్రశ్నకు జవాబు 'అవును' అనే చెప్పాలి. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

కిరణం కణంలోకి వెళ్లినప్పుడు రెండు రకాలుగా పనిచేస్తుంది. నేరుగా డీఎన్ఏకు తగిలి పోగును తెంపవచ్చు. లేదా కణంలో ఉండే నీటిని విడగొడితే పుట్టే చురుకైన ముక్కలు వెళ్లి డీఎన్ఏను దెబ్బతీయవచ్చు. ఇక్కడితో ఆగితే పెద్దాయన గారు అన్నదే నిజం. కానీ కణం ఊరుకోదు. తెగిన కొసలను పట్టుకుని అతికిస్తుంది, పోయిన అక్షరాలను (డీఎన్ఏ వరసలోని చిన్న భాగాలను) పూరిస్తుంది. చాలాసార్లు సరిగ్గానే చేస్తుంది. కొన్నిసార్లు రెండు మూడు అక్షరాలు జారిపోతాయి, ఒకదాని బదులు ఇంకొకటి పడుతుంది, ఒక ముక్క తలకిందులుగా అతుక్కుంటుంది, అరుదుగా ఒక ముక్క రెండుసార్లు వస్తుంది. మనం ఉత్పరివర్తనం (మ్యుటేషన్) అనేది దీన్నే. అంటే కిరణం తెంపుతుంది, మార్పును ఖాయం చేసేది కణం చేసే మరమ్మతు.

దీన్ని మొదట గట్టిగా నిరూపించినవాడు అమెరికా శాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్. 1927లో పండ్ల ఈగలకు ఎక్స్ కిరణాలు పెట్టి, ఉత్పరివర్తనాల రేటు దాదాపు 150 రెట్లు పెరిగిందని చూపించాడు. 1946లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చూసినవాటిలో అత్యధికం ఈగకు చేటు చేసేవే. అందుకే ఆ తర్వాత జీవితమంతా డాక్టర్లు ఎక్స్‌రేను ఇష్టమొచ్చినట్టు వాడొద్దని పోరాడాడు. ఆ దారి కనిపెట్టినవాడే దాని ప్రమాదాన్ని అందరికన్నా గట్టిగా చెప్పాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం నాకు చాలా గౌరవం కలిగించే విషయం.

రైతు గారి అబ్బాయికి ఒక సవరణ. మార్పుల్లో ఎక్కువ భాగం చెడ్డవీ కావు, మంచివీ కావు. ఏ తేడా చేయనివే ఎక్కువ. ఏ కిరణమూ అక్కర్లేకుండానే ప్రతి బిడ్డా అమ్మానాన్నల్లో లేని 60, 70 కొత్త మార్పులతో పుడుతుంది. తేడా చేసేవాటిని పక్కకు తీస్తే వాటిలో చెడ్డవి ఎక్కువ, మంచివి బాగా తక్కువ. తక్కువ అంటే అసలు లేవని కాదు.

కుప్పం చిన్నోడు

మేడమ్, చెర్నోబిల్‌లో కప్పలు నల్లగా మారిపోయాయని వీడియో చూశాను. రేడియేషన్‌ను తట్టుకోవడానికి అవి మారాయంట. రియాక్టర్ గోడల మీద రేడియేషన్‌ను తిని బతికే బూజు కూడా ఉందంట. ఇవి మంచి మ్యుటేషన్లే కదా?

ఎస్వీయూ పీజీ, మైక్రోబయాలజీ

తమ్ముడూ, ఈ రెండూ నిజమైన పరిశోధనలే, కానీ వీడియోల్లో చెప్పే తీరు వేరు.

కప్పల సంగతి ముందు. 2022లో వచ్చిన పరిశోధన అది. చెర్నోబిల్ నిషేధిత ప్రాంతంలో ఉండే చెట్టు కప్పలు బయటి కప్పలకన్నా ముదురు రంగులో ఉన్నాయి. ఆ కప్పల్లో ముదురు రంగువి, లేత రంగువి ముందునుంచే ఉన్నాయి. 1986లో ప్రమాదం జరిగినప్పుడు ముదురు రంగువాటికి ఆ రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం కొంత కాపు కాసింది, అవి ఎక్కువగా బతికి పిల్లల్ని పెట్టాయి అన్నది పరిశోధకులు ఇచ్చిన వివరణ. అంటే అక్కడ రేడియేషన్ కొత్త రంగును పుట్టించలేదు. ఉన్నవాటిలో కొన్నింటిని మిగిల్చింది. బూజు కూడా అంతే. నల్లటి మెలనిన్ ఉన్న బూజులు ప్రమాదానికి ముందూ ఉన్నాయి. అక్కడ మిగతావాటికి ఇబ్బంది అయిన చోట అవి నిలదొక్కుకున్నాయి.

నిజంగా కిరణాలు పుట్టించిన మేలు చూడాలంటే పెన్సిలిన్ దగ్గరికి వెళ్లాలి. 1943లో అమెరికాలో పియోరియా అనే ఊళ్లో కుళ్లిన కర్బూజ పండు మీద దొరికిన బూజు మిగతావాటికన్నా ఎక్కువ పెన్సిలిన్ ఇచ్చింది. దాని విత్తుల్లాంటి కణాలకు ఎక్స్ కిరణాలు పెట్టి, బతికినవాటిని ఒక్కొక్కటే పెంచి కొలిచారు. ఎక్స్-1612 అనే రకం దాదాపు రెట్టింపు ఇచ్చింది. దానికి అతినీలలోహిత కిరణాలు పెడితే ఇంకా మెరుగైన క్యూ-176 వచ్చింది. ఇవాళ మందుల పరిశ్రమలో పెన్సిలిన్ చేసే రకాలు ఎక్కువగా ఆ వంశానివే. మన ఇళ్లల్లో ఎంతమంది పిల్లలు ఆ మందుతో బతికారో లెక్కే లేదు.

వేదిక నిర్వాహకుడు

చర్చ బాగా సాగుతోంది. ఒక్క విన్నపం. స్కాన్ తీయించుకోవాలా వద్దా, గర్భిణులకు ఏం చేయాలి అని నాకు విడిగా మెసేజ్‌లు వస్తున్నాయి. దానికి మీ డాక్టర్‌నే అడగండి. ఇక్కడి మాటలు చూసి మానుకోవద్దు.

బంగారుపాళెం తోట

నాది మామిడి. నాకు వేరే అనుమానం. అమెరికాకు పంపే మామిడికి గామా కిరణాలు పెట్టాలంటారు కదా. మా బంధువొకాయన, ఆ కాయ తింటే మనలో కూడా మార్పులు వస్తాయని చుట్టుపక్కల అందరికీ చెబుతున్నాడు. ఇదెంతవరకు నిజం? కొంతమంది ఎగుమతి మాట ఎత్తితేనే టెన్షన్ పడుతున్నారు.

రిటైర్డ్ ఏఓ, చిత్తూరు

నిజం కాదు. 2007 నుంచి అమెరికాకు వెళ్లే మన మామిడికి కనీసం 400 గ్రే (వస్తువులోకి ఇంకే కిరణాలకు కొలత) మోతాదులో కిరణాలు పెడుతున్నారు. నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో మొదలయింది. కాయ లోపల టెంక పురుగు ఉంటే అది సంతతి పెట్టకుండా చేయడం దాని ఉద్దేశం. కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి వచ్చే గామా కిరణానికి కాయలోని పరమాణువులను రేడియోధార్మికంగా మార్చేంత శక్తి ఉండదు. ఇక కాయ గుజ్జులో ఏదైనా కణం డీఎన్ఏ మారినా, అది మన కడుపులో అరిగిపోయేదే. మనం రోజూ తినే ప్రతి ముద్దలోనూ డీఎన్ఏ ఉంటుంది. అది మనలో చేరిపోదు.

బాటనీ మేడమ్, తిరుపతి

తోట గారూ, అంటు కట్టే పంటల్లో కిరణాలు ఎట్లా పనికొచ్చాయో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. మీకు నచ్చుతుంది.

జపాన్‌లో నిజిసెయికి అనే బేరి రకం ఉంది. పండు బాగుంటుంది కానీ నల్లమచ్చ తెగులు దాన్ని వదలదు, రైతులు మందులు కొట్టీ కొట్టీ విసిగిపోయేవారు. ఇబారాకి ప్రాంతంలో గామా క్షేత్రం అని ఒకటి కట్టారు. గుండ్రటి పొలం, మధ్యలో కోబాల్ట్, చుట్టూ వరసలుగా చెట్లు. దగ్గరున్న చెట్టుకు ఎక్కువ మోతాదు, దూరంగా ఉన్నదానికి తక్కువ. 1962లో అక్కడ నిజిసెయికి చెట్లు నాటారు. 1981లో, అంటే దాదాపు 20 ఏళ్లకు, ఒక చెట్టు మీద ఒకే ఒక్క కొమ్మకు తెగులు రావడం లేదని గమనించారు. చెట్టంతా మచ్చలు, ఆ కొమ్మ మాత్రం శుభ్రంగా ఉంది. ఆ కొమ్మ నుంచి అంట్లు కట్టారు. 1990లో గోల్డ్ నిజిసెయికి పేరుతో కొత్త రకంగా బయటికి వచ్చింది.

ఒక మొగ్గలో ఒక కణం మారింది, ఆ కణం నుంచి కొమ్మ వచ్చింది. అది గింజ ద్వారా పోవాల్సిన పని కూడా లేకపోయింది. ఇన్నేళ్లు ఆ చెట్ల మధ్య తిరిగి, ఆ ఒక్క కొమ్మను పట్టుకున్న కళ్లకు దండం పెట్టాలి.

రేడియో టెక్, చిత్తూరు

నేను ఆస్పత్రిలో ఎక్స్‌రే గదిలో పనిచేస్తాను. మనుషుల విషయం నేను చెబుతాను. రోజూ నా ముందు కూర్చునేవాళ్లు అడిగే ప్రశ్న ఇదే.

మొక్కలో మంచి మార్పు వస్తుంది కాబట్టి మనిషికీ రావచ్చు కదా అని ఒక కుర్రాడు అడిగాడు. లెక్క చూడండి. చెనక్కాయ గింజలకు పెట్టే మోతాదు మామూలుగా 200 నుంచి 300 గ్రే. మనిషి ఒళ్లంతా ఒక్కసారిగా 4, 5 గ్రే తగిలితే చికిత్స అందకపోతే సగంమంది బతకరు. ఎండిన గింజ తట్టుకునేది వేరు, మనం తట్టుకునేది వేరు.

రెండోది, మార్పు ఎక్కడ వచ్చిందన్నది. నా చేతి చర్మంలో ఒక కణం మారితే అది నా పిల్లలకు పోదు. బాగా ఖర్మ కాలితే గడ్డ అవుతుంది. పిల్లలకు పోవాలంటే అండంలోనో వీర్యకణంలోనో రావాలి.

మరి అట్లా పిల్లలకు పోయిందా? హిరోషిమా, నాగసాకి బాంబులను తట్టుకుని బతికినవాళ్లకు తర్వాత పుట్టిన దాదాపు 77 వేల మంది పిల్లలను దశాబ్దాలుగా గమనిస్తూ వస్తున్నారు. వాళ్లలో పుట్టుక లోపాలు గానీ వంశపారంపర్య జబ్బులు గానీ స్పష్టంగా పెరిగినట్టు కనిపించలేదు. చెర్నోబిల్‌లో మంటలార్పి, శుభ్రం చేసినవాళ్ల పిల్లలు, అక్కడి నుంచి తరలించినవాళ్ల పిల్లలు కలిపి 130 మంది డీఎన్ఏను పూర్తిగా చదివి 2021లో ఫలితం ప్రకటించారు. కొత్త మార్పులు మామూలు పిల్లల్లో కన్నా ఎక్కువగా లేవు. బాంబు బారిన పడినవాళ్లకు మాత్రం క్యాన్సర్లు పెరిగాయి. అది కాదనలేని సంగతి. అంటే మనిషికి రేడియేషన్ వల్ల నష్టం ఎక్కువగా ఆ మనిషి ఒంట్లోనే తేలింది.

ఛాతీ ఎక్స్‌రే సుమారు 0.1 మిల్లీసీవర్ట్ (మనిషి ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత). భూమి మీద బతికినందుకు ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్ మట్టి నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి వస్తూనే ఉంటుంది. అవసరమైన ఎక్స్‌రేకు భయపడొద్దు, అవసరం లేనిదానికి ఒప్పుకోవద్దు.

కాళహస్తి పెద్దాయన

అందరూ ఓపికగా చెబుతున్నారు, సంతోషం. నా అభ్యంతరం ఇంకా పోలేదు. మీరు చెప్పిన ఉదాహరణల్లో ప్రాణికి వచ్చిన లాభం ఏమిటి? పొట్టి మొక్క అంటే ఎదుగుదల పోయింది. తొందరగా కాపు అంటే ఆయుష్షు తగ్గింది. పెన్సిలిన్ ఎక్కువ చేస్తే లాభం మనకు, బూజుకు కాదు. ఇవన్నీ పోగొట్టుకోవడాలే. ప్రాణికి కొత్త శక్తి వచ్చిన సందర్భం ఒక్కటి చూపండి.

బాటనీ మేడమ్, తిరుపతి

సార్, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. రెండు భాగాలుగా చెబుతాను.

మీరు అన్నదాంట్లో చాలా నిజం ఉంది. కిరణాల వల్ల వచ్చి, తేడా చేసే మార్పుల్లో ఎక్కువ భాగం జన్యువు పనిచేయకుండా పోవడమే. వరినే చూడండి. పాత వరి రకాలు ఎత్తుగా పెరిగేవి, ఎరువు వేస్తే కంకి బరువుకు పడిపోయేవి. మొక్కను సాగదీసే హార్మోన్ తయారీలో ఒక జన్యువు దెబ్బతింటే వరి పొట్టిగా, గట్టిగా నిలబడుతుంది. హరిత విప్లవపు ఐఆర్-8లో ఆ మార్పు ప్రకృతిలో తనంతట తాను వచ్చింది. కాలిఫోర్నియాలో 1976లో వచ్చిన కాల్‌రోస్-76లో అదే జన్యువులో వేరే చోట గామా కిరణాల వల్ల వచ్చింది. ప్రకృతి చేసిన పనినే కిరణమూ చేసింది. రెండూ 'పోగొట్టుకోవడమే'. కానీ ఆ పోగొట్టుకోవడం కోట్ల మంది కడుపు నింపింది. అదే పొట్టి వరిని అడవిలో వదిలితే కలుపు నీడలో మగ్గిపోతుంది. అందుకే మార్పు మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు ఉండదు. ఏ నేలలో, ఏ కాలంలో, ఎవరి చేతిలో అని కూడా అడగాలి.

రెండో భాగం, ప్రాణికే లాభం. అది పీజీ బాబు చెప్పాలి, అతని సబ్జెక్టు.

ఎస్వీయూ పీజీ, మైక్రోబయాలజీ

సరే మేడమ్. పెద్దాయనా, మన పేగుల్లో ఉండే ఈ-కోలి బ్యాక్టీరియాతో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు, 2009లో ప్రకటించారు. నూటికి 99 చచ్చిపోయేంత గామా కిరణాలు పెట్టడం, మిగిలినవాటిని పెంచడం, మళ్లీ పెట్టడం. ఇట్లా 20 సార్లు. చివరికి వచ్చిన వంశం, మొదటి వంశం తుడిచిపెట్టుకుపోయే మోతాదులో కూడా బతికింది. ఏం మారిందని జన్యువులు చదివితే, డీఎన్ఏను అతికించే రెక్‌ఏ అనే ప్రోటీన్‌లో ఒక అక్షరం మార్పు కూడా కనిపించింది. ఆ ప్రోటీన్ పాడవలేదు. తెగిన పోగుల మధ్య పని చేయడంలో ముందుకన్నా మెరుగైంది. ఇక్కడ కిరణాలు రెండు పనులూ చేశాయి. కొత్త మార్పులను పెంచాయి, తట్టుకోలేనివాటిని ఏరేశాయి. లాభం బ్యాక్టీరియాదే.

ఇంకొకటి. డైనోకాకస్ రేడియోడ్యూరన్స్ అనే బ్యాక్టీరియా 5,000 గ్రే దాకా తట్టుకుంటుంది. 1956లో కిరణాలతో శుద్ధి చేసిన మాంసం డబ్బా చెడిపోతే అందులో దొరికింది. భూమి మీద అంత రేడియేషన్ సహజంగా ఎక్కడా లేదు. ఎండిపోయినప్పుడు డీఎన్ఏ ముక్కలవుతుంది కాబట్టి, కరువును తట్టుకోవడానికి ఏర్పడిన మరమ్మతు శక్తే ఇక్కడా పనికొచ్చిందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

కాళహస్తి పెద్దాయన

ఈ ఈ-కోలి ఉదాహరణ నేను అడిగినదానికి జవాబు. ఇంకో సందేహం మిగిలింది. నూటికి 99 పోవాలి అన్నావు నాయనా. అంత మూల్యం కడితేనే ఒక మేలు వస్తుందంటే, దాన్ని రేడియేషన్ చేసిన మేలు అనడం కన్నా ఏరివేత చేసిన మేలు అనాలేమో.

రిటైర్డ్ ఏఓ, చిత్తూరు

నా మనసులో మాట అదే సార్. సర్వీసులో ఉన్నన్నాళ్లూ రైతులకు చెప్పిందీ అదే. కిరణానికి మంచీ చెడూ తెలియదు. అది మార్పుల సంఖ్య పెంచుతుంది, అంతే. వేల మొక్కల్లో పనికిమాలినవన్నీ పీకి పారేసి, పనికొచ్చే ఒకటి రెండు మొక్కలను దాచుకునేది మనిషి. పారేయడానికి వీలున్న చోటే ఈ పద్ధతి పనిచేస్తుంది. గింజలను పారేయొచ్చు, బూజును పారేయొచ్చు. బిడ్డలను పారేయలేం. రేడియో టెక్ తమ్ముడు చెప్పిన లెక్కలన్నీ పక్కన పెట్టినా, మనుషుల మీద ఈ మాటే ఎత్తకూడదు అనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఆముదంలో అరుణ రకం గుర్తుందా? హెచ్‌సీ-6 అనే పాత రకం పంటకు దాదాపు 270 రోజులు పట్టేది. దాని గింజలకు థర్మల్ న్యూట్రాన్లు (పరమాణువుల్లో ఉండే ఒక రకం కణాలు) పెట్టి తీసిన అరుణ 120 రోజుల చుట్టుపక్కలే చేతికొచ్చింది. వానాకాలం అయిపోయాక తేమ ఉండని నేలల్లో ఆ నాలుగైదు నెలల తేడా అంటే పంట ఉండటానికీ పోవడానికీ ఉన్న తేడా. ప్రపంచం మొత్తం మీద ఇట్లా ఉత్పరివర్తనాల ద్వారా తీసిన రకాలు 3 వేలకు పైగా నమోదయ్యాయి. అందులో ఎక్కువ భాగం కిరణాలతో తీసినవే.

పూతలపట్టు రైతు

అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మకు ఏఓ గారి మొదటి పోస్టు చదివి వినిపించాను. కిరణం గింజలో నిలవుండదన్న మాట ఆమెకు ఎక్కింది.

నాకు ఇంకో సంగతి అడగాలని ఉంది. మాకు చెనక్కాయ పీకే టైముకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. ముసురు పట్టి నాలుగు రోజులు పొలంలోకి దిగలేకపోతే, చెట్టు పీకి చూసేసరికి కాయ పగిలి, లోపలి గింజకు తెల్లటి మొలక వేలు సందంత వచ్చి ఉంటుంది. తొక్క నల్లబడి ఉంటుంది, చేత్తో నొక్కితే మెత్తగా అయిపోతుంది. నూనె మిల్లోడు ముట్టుకోడు. ఆవులకు వేయడమే. ఇట్లా మొలకెత్తకుండా ఉండే మార్పు కూడా ఈ కిరణాలతో తెచ్చారా?

బాటనీ మేడమ్, తిరుపతి

తెచ్చారు రైతు గారూ, సంకరంతో కలిపి. గుత్తిగా కాసే స్పానిష్ రకాలకు కాయ పక్వానికి రాగానే గింజకు నిద్ర ఉండదు, తేమ తగిలితే చాలు లేస్తుంది. ట్రాంబే రకాల్లో కొన్నింటికి, టీపీజీ-41 లాంటివాటికి, గింజ రెండు మూడు వారాలకు పైగా నిద్రలో ఉంటుంది. మీరు చెప్పిన ముసురుకు అదే మందు. కానీ అదే గింజను పీకిన వెంటనే నీళ్ల కింద రెండో పంటగా వేసుకునే రైతుకు అది తలనొప్పి, మొలక రాదు, సాలు ఖాళీగా పోతుంది. ఒకే మార్పు, ఒకే జిల్లాలో, ఒకరికి మంచిది, ఇంకొకరికి చెడ్డది. కాబట్టి విత్తనం కొనేముందు నిద్రాకాలం ఎంత అని తప్పకుండా అడగండి. మన తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో చెనక్కాయ మీదే ప్రత్యేకంగా పనిచేస్తారు, మీ నేలకు ఏది సరిపోతుందో అక్కడ చెబుతారు.

ఇంకో విశేషం. చెనక్కాయలో రెండు వేర్వేరు అడవి జాతుల జన్యుసంపద కలిసి ఉంది, మొత్తం 40 క్రోమోజోములు. చాలా జన్యువులకు జోడు ఉంటుంది. ఒకటి కిరణంతో దెబ్బతిన్నా రెండోది మొక్కను నిలబెడుతుంది. అంత మోతాదును తట్టుకోవడంలో దానికీ పాత్ర ఉంది.

కుప్పం చిన్నోడు

రేడియో టెక్ అన్నా, మా కాలేజీ ప్రాజెక్టుకు చెనక్కాయ గింజలు తెస్తే మీ ఎక్స్‌రే మిషన్ కింద పెట్టి ఇస్తారా? నాలుగైదుసార్లు తీస్తే చాలు కదా.

రేడియో టెక్, చిత్తూరు

పెట్టను తమ్ముడూ. మొదటిది, ఆ మిషన్ రోగుల కోసం, వేరే పనికి వాడకూడదు. రెండోది, వాడినా ఏమీ రాదు. ఒక ఛాతీ ఎక్స్‌రేలో తగిలేది ఒక గ్రేలో పది వేల వంతు చుట్టుపక్కల. గింజకు 200 గ్రే కావాలి. నాలుగైదుసార్లు కాదు, సుమారు 20 లక్షల సార్లు తీయాలి. మిషన్ కాలిపోతుంది, గింజకు ఏమీ కాదు. గింజలకు పెట్టేది గామా ఛాంబర్ అనే వేరే సాధనం, మందపాటి సీసం కవచం మధ్యలో కోబాల్ట్ ఉంటుంది, అనుమతి ఉన్న పరిశోధనా సంస్థల్లోనే ఉంటుంది.

బాటనీ మేడమ్, తిరుపతి

చిన్నోడా, ఆసక్తి మాత్రం వదులుకోవద్దు. కిరణాలు పెట్టిన గింజలు మీ లెక్చరర్ ద్వారా అడిగి తెప్పించుకోవచ్చు. వస్తే ఇట్లా చెయ్యి.

మొదటి ఏడాది వచ్చే మొక్కల్లో మంచి మార్పు వెతకొద్దు. అవి దెబ్బ తిని ఉంటాయి. కొన్ని మొలవవు, కొన్నింటి ఆకులు వంకర, కొన్నింటి మీద తెల్ల చారలు. ఆ వంకరల్లో చాలా భాగం గాయాలే, సంతతికి పోవు. పైగా కొత్త మార్పు జోడులో ఒకదాంట్లోనే ఉంటుంది కాబట్టి చాలావరకు దాగి ఉంటుంది. బతికిన ప్రతి మొక్క కాయలనూ విడివిడి సంచుల్లో నంబరు వేసి దాచు, కలపొద్దు. రెండో ఏడాది ఒక్కో సంచిని ఒక్కో సాలుగా నాటు. చెనక్కాయ తన పుప్పొడితోనే తాను కాస్తుంది కాబట్టి దాగిన మార్పు ఆ సాలులో కొన్ని మొక్కల్లో అప్పుడు బయటపడుతుంది. పక్కనే కిరణాలు పెట్టని అదే రకం సాలు ఒకటి తప్పకుండా ఉండాలి. అది లేకపోతే తేడా మార్పు వల్ల వచ్చిందో, నీళ్లు ఎక్కువ తగలడం వల్ల వచ్చిందో తెలియదు. తేడాగా కనిపించిన మొక్కకు దారం కట్టి, దాని గింజలు మూడో ఏడాది మళ్లీ నాటితే, ఆ గుణం నిలిచిందా లేదా అప్పుడు తెలుస్తుంది.

కుప్పం చిన్నోడు

మేడమ్, ఇంటర్ రెండేళ్లలో అయిపోతుంది. మూడో ఏడాది సాలు జూనియర్లకు అప్పజెప్పొచ్చా?

బాటనీ మేడమ్, తిరుపతి

అప్పజెప్పు. సంచుల మీద నంబర్లు, ఏ సాలు ఎక్కడ వేశావో పటం, రెండూ నోట్‌బుక్‌లో రాసి ఇవ్వు. సంచి చినిగిపోయినా నోట్‌బుక్ ఉంటే పని ఆగదు.